విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది: షాపులోని పాత కంప్యూటర్లకు లినక్సా, విండోస్ 11ఆ, ఉన్నదే నడపాలా?

తెనాలి డీటీపీ

అందరికీ నమస్కారం. తెనాలిలో మాకు చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, వర్ధంతి కార్డులు చేస్తాం. పరీక్ష ఫీజులు, ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా చూస్తాం. కంప్యూటర్లు మూడు. ఒకటి నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ పాత హార్డ్‌డిస్క్. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్లు, పదకొండేళ్ల పని అంతా దాంట్లోనే ఉంది. రెండోది మూడో తరం ఐ5, దరఖాస్తులన్నీ దాని మీదే. మూడోది ఏడో తరం ల్యాప్‌టాప్, టాలీ లెక్కలకు.

అన్నింట్లో విండోస్ 10 ఉంది. 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. మూడింట్లో ఒక్కదానికీ 11 రాదని మెసేజ్ చూపిస్తోంది. ఇక్కడ రిపేరు చేసే అబ్బాయి "మూడింటికీ 11 వేసి యాక్టివేట్ చేసిస్తా, మెషిన్‌కి ఐదొందలు" అన్నాడు. మా తమ్ముడేమో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వెయ్యమంటున్నాడు. పైగా డీటీపీ మెషిన్ ఆన్ కావడానికే పది నిమిషాలు పడుతోంది, ఫైలు సేవ్ చేస్తే బిగుసుకుపోతోంది. ఈ ఏడాది కొత్తవి కొనే స్తోమత లేదు, ఐదారు వేలు పెట్టగలను. ఏం చేస్తే మంచిది? నిజంగా టెన్షన్‌గా ఉంది.

మింట్ మిత్రుడు (కర్నూలు)

అక్కా, మీ తమ్ముడు సరిగ్గా చెప్పాడు. లినక్స్‌లో మింట్ అనే రకం, దాంట్లోనూ తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ తీసుకోండి. 2 జీబీ ర్యామ్‌తో కూడా నడుస్తుంది, 4 ఉంటే ఇబ్బందే ఉండదు. మింట్ 22 వెర్షన్లకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. లైసెన్సు గొడవ లేదు, పైసా ఖర్చు లేదు.

వేసేముందు పరీక్షించుకోవచ్చు కూడా. రూఫస్, వెంటాయ్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసి, దాని నుంచే కంప్యూటర్ నడిపి చూడండి. వైఫై, ప్రింటర్, స్కానర్ పనిచేస్తున్నాయో లేదో డిస్క్‌ను ముట్టుకోకుండానే తెలిసిపోతుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా కైట్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్లు తయారుచేసిన లినక్సే వాడుతున్నారు. బడి పిల్లలు వాడుతుంటే మనం ఎందుకు భయపడాలి? మూడింటికీ అదే వేసేయండి.

ప్రెస్సు మనిషి (విజయవాడ)

బాబూ, బడి వేరు, బతుకుతెరువు వేరు. ఆమె అడిగింది పదకొండేళ్ల అను ఫైళ్ల గురించి. అను యూనికోడ్ కాదు, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి కాదు. ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చిన పద్ధతి అది. ఆ ఫాంటు లేకపోతే తెరమీద కనిపించేది అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ తెలుగు తెలియదు. అను కీబోర్డు మేనేజర్ విండోస్ లోపల కూర్చుని కీలను మార్చే ప్రోగ్రామ్. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రామ్‌లను నడిపే వైన్ పెట్టి నడిపిద్దాం అంటే ఒకరోజు నడవొచ్చు, రేపు పెళ్లివాళ్లు కూర్చుని ఉండగా ఆగిపోతే జవాబు ఎవరు చెబుతారు?

అమ్మా, డీటీపీ మెషిన్ని కదిలించకండి. నెట్ వైరు పీకేసి అలాగే వాడుకోండి.

రిపేరు బల్ల (ఖమ్మం)

మేడం, నేను పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మూడు విషయాలు విడదీసి చూడాలి.

విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలన్నది మైక్రోసాఫ్ట్ షరతు. రూఫస్‌తో పెన్‌డ్రైవ్ చేసేటప్పుడే ఆ తనిఖీ తీసేయొచ్చు. మీ ప్రాసెసర్లలో 11కి కావాల్సిన ఆదేశాలు (ఇన్‌స్ట్రక్షన్లు) ఉన్నాయి కాబట్టి 11 నడుస్తుంది. కోర్ 2 డ్యుయో కాలం పాత ప్రాసెసర్లలో అయితే 11లోని 24హెచ్2 వెర్షన్ అసలు బూట్ కూడా కాదు. కానీ ఇలా వేసిన 11కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మనమే చేత్తో వేసుకోవాలి.

రెండోది, మీ 10 అసలుదే అయితే అదే లైసెన్సు 11కీ సరిపోతుంది. ఇక "యాక్టివేట్ చేసిస్తా" అనడం దేనికి? అది క్రాక్, అంటే దొంగ లైసెన్సు అయితే వద్దనండి.

మూడోది, 10లోనే ఉండాలంటే ఈఎస్‌యూ అని ఒక దారి ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. అందుకు మీ విండోస్ 10 దాని చివరి వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. ల్యాప్‌టాప్‌కి నేనైతే ఇదే చేస్తాను. టాలీ విండోస్‌లోనే నడుస్తుంది కదా.

సర్వర్ కాపలా (హైదరాబాద్)

అందరూ ఏ సిస్టమ్ వేయాలని వాదిస్తున్నారు. మొదటి మెసేజ్‌లో "సేవ్ చేస్తే బిగుసుకుపోతోంది" అన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. అది విండోస్ జబ్బు కాకపోవచ్చు, డిస్క్ చావబోతున్న లక్షణం కావచ్చు.

అమ్మా, ఏదీ వేయకండి, ఏదీ ఫార్మాట్ చేయనివ్వకండి. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకుని మూడు కంప్యూటర్లలోనూ తెరవండి. 05, సీ5, సీ6, సీ7 అనే వరుసల్లో చివర ఏ అంకె ఉందో ఇక్కడ రాయండి. అవి చూడకుండా ఎవరు సలహా ఇచ్చినా అది చీకట్లో బాణమే, నాదైనా సరే.

తెనాలి డీటీపీ

చూశానండి. డీటీపీ మెషిన్‌లో పసుపు రంగులో కాషన్ అని వచ్చింది, 05లోనూ సీ5లోనూ అంకెలు ఉన్నాయి. ఐ5లో గుడ్ అనే ఉంది కానీ సీ7లో పెద్ద అంకె కనిపిస్తోంది. ల్యాప్‌టాప్‌లో అన్నీ సున్నాలు. రిపేరు అబ్బాయికి ఫోన్ చేస్తే "విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్ తనిఖీ కొడితే పోతుంది" అన్నాడు. కొట్టమంటారా?

సర్వర్ కాపలా (హైదరాబాద్)

వద్దమ్మా, కొట్టొద్దు. 05 అంటే డిస్క్ తనలో పాడైన చోట్లను వదిలేసి వేరే చోట్లకు మార్చుకున్న లెక్క. సీ5 అంటే చదవలేక సతమతమవుతున్న చోట్లు. మీ కంప్యూటర్ బిగుసుకుపోయేది అక్కడే. ఒక్కో పాడైన చోటును డిస్క్ మళ్లీ మళ్లీ చదవబోతుంటే విండోస్ దానికోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఇలాంటి డిస్క్ మీద చెక్‌డిస్క్ పూర్తి తనిఖీ పెడితే గంటల తరబడి దాన్ని గీకినట్టే. ఫైళ్ల పట్టికను కూడా మార్చి రాస్తుంది కాబట్టి, తర్వాత బయటకు తీయగలిగినవీ పోవచ్చు. ఫైళ్లను సర్దిపెట్టే డీఫ్రాగ్ కూడా అంతే.

ముందు ఈరోజే, అత్యవసరమైన ఫోల్డర్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. ఏదైనా ఫైలు దగ్గర ఆగితే దాన్ని వదిలేసి తర్వాతిదానికి వెళ్లండి.

తర్వాత ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) కొనండి. 480 జీబీ వద్దు, 512 తీసుకోండి. 500 జీబీ డిస్క్‌ను ఉన్నదున్నట్టు దింపాలంటే కొత్తది దానికంటే చిన్నది కాకూడదు. సిస్టమ్‌రెస్క్యూ అనే ఉచిత లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంట్లోని డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో పాత డిస్క్‌ను కొత్తదాంట్లోకి దింపండి. అది బాగున్న భాగాలను ముందు త్వరగా లాగేసి, మొండికేసిన చోట్లకు చివర్లో వస్తుంది. ఎంతవరకు వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా మళ్లీ మొదటికి రాదు, ఆ మ్యాప్ ఫైలు వేరే పెన్‌డ్రైవ్‌లో ఉంచితే చాలు. ఏది మూలం, ఏది కొత్తది అన్నది మాత్రం రెండుసార్లు చూసుకోండి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ పని మీద పడుతుంది. చేయి తిరిగినవాళ్లను పక్కన పెట్టుకోండి.

ఇలా దింపితే పేజ్‌మేకర్, అను మళ్లీ వేసే పని ఉండదు. ప్రెస్సు మనిషి గారి భయం న్యాయమైనదే, దానికి జవాబు ఇది.

ఐ5లో సీ7 గురించి బెంగ వద్దు. అది డిస్క్‌కీ బోర్డుకీ మధ్య తీగలో వచ్చే తప్పుల లెక్క. ఆ తీగ, అంటే సాటా కేబుల్ మార్చి, అంకె అక్కడే ఆగిందో లేదో వారం చూడండి.

రిపేరు బల్ల (ఖమ్మం)

డిస్క్ విషయంలో ఒప్పుకుంటున్నాను, ముందు అడగాల్సింది నేను. కానీ ఆ అబ్బాయిని అందరూ దోషిలా చూడటం బాధగా ఉంది. కస్టమర్లే "అసలుది ఎందుకన్నా, క్రాక్ వెయ్యి" అంటారు. ఐదొందలకు రెండు గంటలు కూర్చునేవాడు డిస్క్ అంకెలు చూపించి "ముందు బ్యాకప్" అంటే, పక్క షాపుకు వెళ్లిపోతారు. నాకు ఎన్నిసార్లు జరిగిందో.

సర్వర్ కాపలా (హైదరాబాద్)

అన్నా, మీ మాట నిజం. తప్పు ఆ కుర్రాడిది కాదు, కానీ నష్టం ఈమెకు. క్రాక్ చేసే యాక్టివేటర్ వేసేటప్పుడు మొదట చెప్పేది "విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ ఆపండి" అని. దాని లోపల ఏముందో వేసేవాడికీ తెలియదు. ఈ షాపులో రోజుకు ఎంతమంది ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్కులు స్కాన్ అవుతాయో ఆలోచించండి. ఊళ్లో జనం నమ్మి చేతికిచ్చిన కాగితాలు అవి. నేను పనిచేసిన ఒక చిన్న ఆఫీసులో క్రాక్ చేసిన ప్రోగ్రామ్ ద్వారానే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వచ్చి, సర్వర్‌లోని రెండేళ్ల బిల్లులు తాళం పడ్డాయి. ఒకే ఫైలును రెండు డిస్క్‌ల్లోనూ రాసే రెయిడ్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నారు. రెయిడ్ బ్యాకప్ కాదు. తాళం పడిన ఫైలే రెండో డిస్క్‌లోనూ ఉంటుంది. ఆ రోజు ఆ యజమాని ముఖం నేను మర్చిపోలేదు.

ప్రెస్సు మనిషి (విజయవాడ)

అందుకే నెట్ తీసేయమన్నాను. నెట్ లేని మెషిన్‌కి ఏ అప్‌డేటూ అక్కర్లేదు.

సర్వర్ కాపలా (హైదరాబాద్)

సగమే ఒప్పుకుంటానండి. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు, దానికి మందు మార్చిలోనే మైక్రోసాఫ్ట్ ఇచ్చేసింది. వేసుకోని కంప్యూటర్లే పడిపోయాయి. ఆంధ్రలో కొన్ని పోలీసు ఆఫీసుల కంప్యూటర్లకూ సోకింది. లోపలి నెట్‌వర్క్‌లో ఒకదాని నుంచి ఇంకోదానికి దానంతటదే పాకింది. కాబట్టి ఇంటర్నెట్ మాత్రమే తీసేసి, మూడు కంప్యూటర్ల మధ్య ఫోల్డర్ షేరింగ్ ఉంచితే లాభం లేదు. పైగా డీటీపీ షాపులోకి జబ్బు వచ్చే ప్రధాన దారి కస్టమర్ పెన్‌డ్రైవే. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ చూడని షాపు ఉంటుందా?

మింట్ మిత్రుడు (కర్నూలు)

ఇక్కడే నా మాట కాస్త వినండి. మూడింటికీ లినక్స్ అన్నది తొందరపాటే, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ దరఖాస్తుల ఐ5కి మింట్ వేస్తే, వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌నూ ముందు దాంట్లోనే పెట్టొచ్చు. విండోస్ కోసం రాసిన ఆ షార్ట్‌కట్ వైరస్ అక్కడ నడవదు. అది దాచిపెట్టిన అసలు ఫోల్డర్లు మాత్రం మామూలుగా కనిపిస్తాయి. కావాల్సిన ఫైలు తీసుకుని, శుభ్రమైన పెన్‌డ్రైవ్‌లో డీటీపీ మెషిన్‌కి ఇవ్వండి.

తెలుగు టైపింగ్ గురించి కూడా. లినక్స్‌లో కీబోర్డు భాష మార్చే ఐబస్‌కు ఎమ్17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌తో పాటు యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక కూడా ఉంటుంది. అనులో యాపిల్ అలవాటైన వేళ్లకు కొన్ని కీలు తేడా వచ్చినా త్వరగానే కుదురుతుంది. పేజీలు కూర్చే ఉచిత ప్రోగ్రామ్ స్క్రైబస్ 1.6 తెలుగు వత్తులను సరిగ్గా కూరుస్తుంది. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా ఇచ్చిన మండలి, రామభద్ర, సురవరం, గిడుగు లాంటి ఫాంట్లు శుభలేఖలకు చాలు. పాత ఫైళ్లు అనులో ఉండనీయండి, కొత్త పని కొంచెం కొంచెంగా యూనికోడ్‌లోకి తెచ్చుకోండి. పదేళ్ల తర్వాత కూడా తెరుచుకుంటుంది.

ప్రెస్సు మనిషి (విజయవాడ)

ఫాంట్లు మంచివే, కాదనను. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు కూడా వాడాను. కానీ మార్చాక ప్రతి పేజీ చదవాల్సిందే, వత్తులు ఎక్కడ తారుమారవుతాయో చెప్పలేం. పెళ్లి ముహూర్తం కార్డులో ఒక్క అక్షరం మారినా ఆ షాపుకు మళ్లీ ఎవరూ రారు. డీటీపీకి నా ఓటు ఇంకా పాత పద్ధతికే.

తెనాలి డీటీపీ

రెండు వారాలైంది, ఏం చేశానో చెప్పడం ధర్మం. మా తమ్ముడూ, ఆ రిపేరు అబ్బాయీ కలిసి కూర్చుని డీడీరెస్క్యూ నడిపారు. రాత్రి పెడితే పొద్దున్నకు పూర్తయింది, కొద్ది చోట్లు తప్ప అంతా వచ్చింది. ఎస్ఎస్‌డీ పెట్టాక డీటీపీ మెషిన్ అర నిమిషంలో తెరుచుకుంటోంది, పేజ్‌మేకర్ ఉన్నదున్నట్టే ఉంది. దానికి నెట్ తీసేశాం, షేరింగ్ కూడా ఆపేశాం. ఐ5కి కేబుల్ మార్చి మింట్ వేశాం, సీ7 అంకె మళ్లీ కదల్లేదు. వేలిముద్ర యంత్రం మాత్రం మింట్‌లో పనిచేయలేదు. దాన్నీ పాత లేజర్ ప్రింటర్‌నూ ల్యాప్‌టాప్‌కి మార్చుకున్నాం, ల్యాప్‌టాప్‌కి ఈఎస్‌యూ వచ్చింది. ఆ అబ్బాయి డబ్బులు వద్దన్నా వెయ్యి ఇచ్చాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తన పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లాడు.

మూడు ఫైళ్లు తెరుచుకోవడం లేదు. రెండు పాత కరపత్రాలు, పోతే పోయాయి. మూడోది ఒక రిటైర్డ్ మాస్టారి పద్యాల పుస్తకం, 96 పేజీలు. ఆయన ఇప్పుడు లేరు. అచ్చు ప్రతి ఒకటి వాళ్లింట్లో ఉంటే అడిగి తెచ్చుకున్నాను. రోజూ షాపు మూసేముందు రెండు పేజీల చొప్పున టైపు చేస్తున్నాను, యూనికోడ్‌లో, మింట్ మీదే.

ప్రెస్సు మనిషి (విజయవాడ)

అమ్మా, పద్యాలంటే అరసున్నలు, బండి ర లు ఉంటాయి. టైపు అయినంతవరకు ప్రూఫ్ నాకు పంపండి, నేను చూసిపెడతాను. యూనికోడ్‌లోనే పంపండి, పర్వాలేదు.