ఒకటో తారీకు పింఛను ఇంటికొస్తోంది సరే, లిస్టులో లేనోళ్ళ తలుపు ఎవరు కొడతారు?

పెన్నాగట్టు (నెల్లూరు జిల్లా, ఇందుకూరుపేట వైపు):
మొన్న ఒకటో తారీకు మా ఊళ్ళో చూసింది చెప్తా, తిట్టేవాళ్ళు మొత్తం చదివి తిట్టండి. పొద్దున ఆరున్నరకే మా ఊరి సచివాలయంలో పనిచేసే పిల్ల బండేసుకుని వచ్చేసింది, భుజానికి డబ్బు సంచి, చేతిలో ఫోను, వేలిముద్ర మిషను. మా ఎదురింటి పెద్దాయన రోజూ స్కూటర్ మీద కోవూరు పొయ్యి టీ తాగి పేపర్ చదివి వచ్చే మనిషి, ఏటీఎం కార్డు జేబులోనే ఉంటది. ఆయనకి గడప కాడ 4000 లెక్కపెట్టి ఇచ్చి పోయింది. బాగుంది, నేను కాదనడంలా.

అక్కడికి కిలోమీటరు కూడా లేదు, రొయ్యల గుంటల గట్టు మీద ఐదు యానాది (గిరిజనుల) గుడిసెలు ఉండాయి. అందులో ఒక ముసలామెకి డెబ్బై పైనే ఉంటాయి, ఎన్నో ఆమెకీ తెలీదు. చూపు ఆనదు. మనవరాలు చెయ్యి పట్టుకుంటేనే గట్టు దిగుతుంది. ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు, ఓటు లేదు. ఆ పిల్ల బండి అటు తిరగలా, తిరగాల్సిన పని లేదు, ఫోన్లో ఆమె పేరే లేదు గదా.

నేననేది ఏందంటే, నడవగలిగినోళ్ళకి, బ్యాంకు వాడకం తెలిసినోళ్ళకి అకౌంట్లో వేసేయండి. మంచం మీద ఉన్నోళ్ళకి, దివ్యాంగులకి, బాగా ముసలోళ్ళకి మాత్రం ఇంటికి పంపండి. ఆ మిగిలిన టైమ్‌లో సచివాలయం వాళ్ళని కాగితాల్లేని వాళ్ళ దగ్గరికి పంపండి. తప్పేముంది?

వింజమూరుపిల్లోడు (బెంగళూరు నుంచి):
అన్నా తప్పేముందో చెప్తా. 2024 ఎలక్షన్ల ముందు, అప్పట్లో ఇంటింటికీ పింఛను ఇచ్చే వాలంటీర్లు డబ్బులు పంచకూడదని ఎలక్షన్ కమిషన్ ఆపింది గుర్తుందా, ఏప్రిల్లో సచివాలయం కాడికి రమ్మన్నారు, మేలో చాలామందికి బ్యాంకులో వేశారు. ఆ మే ఎండలో మా అమ్మ బ్యాంకుకి రెండు రోజులు తిరిగింది. మొదటిరోజు సర్వర్ లేదు పొమ్మన్నారు, రెండోరోజు అకౌంటు చాన్నాళ్ళు వాడలేదు, మళ్ళీ ఆధార్ జిరాక్స్ తెమ్మన్నారు. ఆటోకి పోను 60 రాను 60, అదీ రెండుసార్లు. చివరికి చేతికొచ్చేసరికి ఏదో ఛార్జీ కింద కొంత కట్ అయింది. ఎందుకమ్మా అంటే "ఏమో నాయనా, ఆ పిల్లోడు ఇంగ్లీషులో చెప్పాడు" అంది.

ఇంకోటి, ఇది మన మగోళ్ళకి తొందరగా అర్థం కాదు. డబ్బు బ్యాంకులో పడితే అది మా అమ్మది కాదు, ఏటీఎం కార్డు మా అన్న దగ్గరుంటది, పిన్ను మా వదినకి తెలుసు. ఇంటికొచ్చి చేతిలో పెడితే కొంగుకి ముడేసుకుంటది, మందులకి తీసుకుంటది, మనవడికి పది ఇస్తది, ఆ పది ఇచ్చేటప్పుడు ఆమె మొహం చూడాలి. నీ స్కూటర్ పెద్దాయన ఒక్కణ్ణి చూసి మా అమ్మని మళ్ళీ ఆ క్యూలో నిలబెట్టొద్దు.

పెన్నాగట్టు:
మీ అమ్మకి ఇంటికే పంపమంటున్నా గదా తమ్ముడూ, నేను రాసింది సగమే చదివావు.

వింజమూరుపిల్లోడు:
ఎవరికి పంపాలో ఎవరు తేలుస్తారన్నా? "నడవగలదు" అని ఆఫీసులో కూర్చుని రాసేస్తారు. మా అమ్మ నడవగలదు. పక్కింటి దాకా.

ఒంగోలుగిత్త:
అసలు 60 లక్షల పైన మందికి నెలనెలా పంచుతా పోతే ట్యాక్స్ కట్టేవాడి గతేంది. మా వైపు పొగాకు రెలుపుకి (ఆకు కోతకి) కూలోళ్ళు దొరకడంలా, అందరూ పింఛను తింటా కూర్చున్నారు.

గ్రేడింగ్‌అక్క (టంగుటూరు):
60 దాటినోళ్ళని పొగాకు రెలవమంటావా అబ్బయ్యా? 4000 అంటే రోజుకి 133 రూపాయలు, నీ టిఫినూ టీ ఖర్చు అంత. అందులో కేంద్రం వాటా ఎంతో తెలుసా, 60 నుంచి 79 ఏళ్ళ వాళ్ళకి నెలకి 200, ఆ రెండొందలు ఎన్నో ఏళ్ళుగా అట్టానే ఉంది. మిగతాదంతా రాష్ట్రమే.

మా సంగతి చెప్తా. పొగాకు గ్రేడింగ్ (ఆకు రకాలుగా వేరుచేసే పని) చేసే ఆడోళ్ళ వేళ్ళు చూశారా ఎప్పుడైనా, పొగాకు జిగురు పట్టిపోయి గీతలు కనపడవు. మిషను మీద ఎన్నిసార్లు పెట్టినా ఎర్ర లైటే. నిమ్మకాయతో రుద్దుకో, కొబ్బరినూనె రాసుకో అని సలహాలు. ఇప్పుడు మొహం స్కాన్ వచ్చాక కొంచెం నయం. కానీ మొగుడు చనిపోయినామెకి కాగితం ఉంది, డెత్ సర్టిఫికేట్ పెడితే పని అవుద్ది. మొగుడు వదిలేసి ఎటో పోయినామె పరిస్థితి? వాడు పోయాడని సర్టిఫికేట్ ఎవడిస్తాడు? మా కంపెనీలో నాతో పాటు కూర్చునే ఆమె ఆరేళ్ళుగా తిరుగుతా ఉంది. ఊళ్ళో అందరికీ తెలుసు వాడు లేడని, రాసివ్వమంటే మాత్రం ఎవరూ రాయరు.

కనిగిరికరువు:
మీరంతా డబ్బు ఎట్టా ఇవ్వాలా అని కొట్టుకుంటుండారు, మా వైపు ఎవరికివ్వాలా అనేదే తేలడంలా. ఫ్లోరైడ్ సంగతి కొత్తేం కాదు, 1937లోనే మా పొదిలి, దర్శి, కనిగిరి వైపు జనానికి నీళ్ళ వల్ల ఎముకలు బిగుసుకుపోతున్నాయని డాక్టర్లు రాశారు. అప్పుడివన్నీ నెల్లూరు జిల్లా, ప్రకాశం వచ్చింది 1970లో. లీటరు నీళ్ళలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు అనేది లెక్క, మా నాయన పుట్టినకాడి నుంచి తాగింది ఏ లెక్కా లేని బోరు నీళ్ళు. ఇప్పుడు మెడ తిరగదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి, గడియారం ముల్లు మాదిరి.

నాలుగేళ్ళ కిందటి సదరం సర్టిఫికేట్‌లో (వైకల్యం ఎంతో రాసిచ్చేది) 58 శాతం ఉంది. 2025లో మళ్ళీ చెకింగ్ అన్నారు, ఓ పెద్దాసుపత్రికి రమ్మన్నారు, పొద్దున నాలుగుకి లేచి రెండు బస్సులు మారి పోయాం. డాక్టరు చెయ్యెత్తు అన్నాడు, వంగు అన్నాడు, సరే పో అన్నాడు. ఐదు నిమిషాలు. కొత్త కాగితంలో 38. నలభై లోపు కాబట్టి నోటీసు. ఎముకలో ఫ్లోరైడ్ ఏమన్నా దిగిపోయిందా ఈ నాలుగేళ్ళలో? అప్పీలు పెట్టాం, డబ్బులు ప్రస్తుతానికి వస్తుండాయి, కానీ ఒకటో తారీకు పొద్దున బండి చప్పుడు వినపడేదాకా ఆయన అన్నం తినడు.

దొంగ సర్టిఫికేట్లు లేవని నేను అనను, మా మండలంలోనే చెవులు బాగా వినపడే చెవిటోళ్ళు ఉండారు. వాళ్ళని పట్టుకోండి, కానీ ఆ పట్టుకునేదానికి మా నాయన నాలుగు గంటలు బస్సులో కూర్చోవాల్నా? డబ్బు ఇంటికి తెచ్చేది మీరే గదా, ఆ డాక్టర్ని కూడా ఒకరోజు మండలానికి తీసుకురండి.

నిర్వాహకుడు:
పార్టీల మీద రాసిన రెండు కామెంట్లు తీసేశాను. ఎవరి హయాంలో ఎంత పెరిగిందో అందరికీ తెలుసు: 2019 జనవరిలో 2000, 2024 జనవరికి 3000, 2024 జూలై నుంచి 4000. ఆ గొడవ వేరే చోట పెట్టుకోండి.

సచివాలయంలోడు:
పేరు, ఊరు అడగొద్దు, ఉద్యోగం కావాలి. మీరు మా గురించి మాట్లాడుతుంటే చూస్తా ఉన్నా.

నాకు 48 పింఛన్లు. ముందురోజు బ్యాంకులో డబ్బు డ్రా చేసి ఇంటికి తెచ్చుకోవాలి, దగ్గర దగ్గర రెండు లక్షలు, మాది రేకుల ఇల్లు. ఆ రాత్రి మా ఆవిడ సంచి తలకింద పెట్టుకుని పడుకుంటుంది. ఒకటో తారీకు ఆదివారం వస్తే ముందురోజే పంచాలి. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి నలభై పైన అయిపోతాయి, మిగిలినోళ్ళు పొలానికో కూతురింటికో పొయ్యుంటారు, వాళ్ళకి రెండోరోజు. అంటే పెన్నాగట్టు అన్నా, ఇంటికి పంచడం ఆపేస్తే మాకు మిగిలేది నెలకి రోజున్నర. మా నెలంతా తినేది అది కాదు, సర్వేలు. ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూసే) సర్వే, ఆ సర్వేలో మిగిలినోళ్ళ సర్వే, ఫలానా పథకం పడిందా లేదా అని ఇంకో సర్వే. పోయిన వారం ఒకే ఇంటికి మూడుసార్లు పోతే ఆ ఇంటామె "నీకు మా ఇంట్లో ఒక గది ఇస్తాం, ఉండిపో" అంది.

గట్టు మీద గుడిసెల సంగతి, మాకు తెలీక కాదు. నాకూ అట్టాంటి కుటుంబాలు ఉన్నాయి, గుంటల కాపలాకి ఈ ఏడు ఇక్కడ, వచ్చే ఏడు ఇంకో ఓనరు దగ్గర. వరస ఎట్టుంటదో వినండి. పింఛను కావాలంటే బియ్యం కార్డు (రేషన్ కార్డే), కార్డు కావాలంటే ఆధార్, ఆధార్ కావాలంటే పుట్టిన తేదీ, అడ్రస్. పుట్టిన ఏడాది లోపల నమోదు చేయించకపోతే ఆర్డీవో ఆర్డర్ కావాలి. పద్దెనిమిది దాటినోళ్ళకి కొత్త ఆధార్ అంటే పై నుంచి వెరిఫికేషన్ అవ్వాలి, నెలలు పడుతుంది. ఇదంతా దాటితే అప్పుడు ఆరంచెల వడపోత: భూమి ఎంత, కారుందా, కరెంటు 300 యూనిట్లు దాటిందా అని. గుడిసెలో కరెంటే లేదు, అది వేరే సంగతి.

అసలు మాట చెప్తా. నేను రోజంతా ఆ గట్టు మీద తిరిగి ఒకామెకి కాగితాలు పుట్టించాననుకోండి, సాయంత్రం నా రిపోర్టులో ఏ గడిలో రాసుకోవాలి? లిస్టులో ఉన్నోళ్ళలో ఎంతమందికి ఇచ్చావు అనే గడి ఉంది, శాతం కనపడుద్ది, తగ్గితే ఎంపీడీవో గారు ఫోన్ చేస్తారు. లిస్టులో లేనోళ్ళలో ఎంతమందిని ఎక్కించావు అనే గడి లేదు. ఆ ఒక్క గడి పెట్టమనండి, మావాళ్ళు చెరువు అడుగు నుంచైనా మనుషుల్ని వెతికి తెస్తారు.

పెన్నాగట్టు:
ఈ మాట నేను అనుకోలా. రోజున్నరే అయితే నా లెక్క తప్పు, ఒప్పుకుంటుండా. బ్యాంకు మాట వెనక్కి తీసుకుంటా. గడి మాట మాత్రం వదలను.

ఒంగోలుగిత్త:
గడి పెడితే దొంగ పేర్లు ఎక్కిస్తారు, టార్గెట్ కోసం. అప్పుడు మళ్ళీ మీరే ఏడుస్తారు.

సచివాలయంలోడు:
అది నిజమే. కాదనను.

ఆత్మకూరులాయరు:
గడి వచ్చేలోపు చేయగలిగింది చెప్తా. ఎస్టీలకి, ఆడవాళ్ళకి, దివ్యాంగులకి లాయరు ఫీజు లేకుండా సాయం చెయ్యాలని 1987 చట్టంలోనే ఉంది, ఆదాయంతో పని లేదు. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల ఆఫీసు ఉంటుంది, తెల్లకాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారు, ఫోన్ అయితే 15100. రెండోది, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టండి, నోటిమాటగా కాదు, రసీదు తీసుకోండి. ఐదు కుటుంబాలకి ఐదు అర్జీలు, ఒకటే కాగితం మీద అందరి పేర్లు రాస్తే ఒకటే సమస్య కింద మూసేస్తారు. వేళ్ళు, కళ్ళు మిషనుకి పడకపోయినా ఆధార్ చెయ్యడానికి మినహాయింపు ఉంది, సెంటర్‌లో కుర్రాళ్ళు కుదరదు అంటే నమ్మొద్దు.

ఇంకో మాట. గుంటల ఓనరు అడ్వాన్స్ ఇచ్చి, అది తీరేదాకా ఇంకో చోటికి పోకూడదు అంటున్నాడా? అట్టా అయితే అది ఉత్త కాపలా ఉద్యోగం కాదు, 1976 వెట్టిచాకిరి చట్టం కిందకి వస్తుంది. కనుక్కోండి, కానీ ఓనరు ఎదురుగా అడగొద్దు.

గ్రేడింగ్‌అక్క:
లాయరుగారూ, మొగుడు వదిలేసినామెకి?

ఆత్మకూరులాయరు:
అదే ఆఫీసుకి తీసుకెళ్ళండమ్మా. ఆమె అఫిడవిట్, ఇద్దరు పొరుగువాళ్ళ స్టేట్‌మెంట్ పెట్టి తహసీల్దారుకి పంపిస్తారు. పొరుగువాళ్ళు ఆఫీసర్ ముందు నోరు విప్పాలి, కష్టం అంతా అక్కడే.

గ్రేడింగ్‌అక్క:
ఒకరం నేను. రెండో మనిషిని వెతుకుతా.

పెన్నాగట్టు (అయిదు వారాల తర్వాత):
లాయరు గారు చెప్పినట్టు చేశాక ఏమైందో చెప్తుండా. రెండు సోమవారాలు పొయ్యాం. ఐదు అర్జీలు, ఐదు రసీదులు. మొన్న ముసలామెని ఆధార్ సెంటర్‌కి ఆటోలో తీసుకుపోయా. వేళ్ళు పడలా, నీళ్ళలో నాని నాని అరిగిపోయుండాయి. కళ్ళు పెట్టమంటే శుక్లాలు, మిషను పట్టుకోలా. కుర్రోడు కుదరదు పొమ్మన్నాడు. లాయరు గారు చెప్పింది చెప్తే "మాకు తెలీదు సార్" అన్నాడు. అప్పుడు మా ఊరి సచివాలయం పిల్లకి ఫోన్ చేస్తే, ఆ రోజు ఆమెకి సెలవు, అయినా వచ్చి ఆ కుర్రోడికి మిషన్లోనే ఆప్షన్ ఎక్కడుందో చూపించింది. గంటన్నర పట్టింది.

ఆధార్‌కి నమోదైనట్టు చీటీ చేతికొచ్చింది. ముసలామె దాన్ని పాలిథీన్ కవర్లో పెట్టి, మడిచి, గుడిసె కప్పులో తాటాకు సందున దోపింది. "దీన్ని చూపిస్తే డబ్బులిస్తారా నాయనా" అంది. ఇది డబ్బు చీటీ కాదవ్వా, ఇంకో చీటీ తెచ్చుకునే చీటీ అన్నా. నవ్వింది. మిగిలిన నాలుగు కుటుంబాల్లో ఒకటి ఇప్పటికే గుంట మారి ముత్తుకూరు వైపు పొయ్యింది, ఆ అర్జీ ఏమవుద్దో తెలీదు.

వింజమూరుపిల్లోడు:
పింఛను శాంక్షనైన రోజు చెప్పన్నా. ఆమెకి మాత్రం బ్యాంకులో వెయ్యమనొద్దు.

పెన్నాగట్టు:
లేదులే. గట్టు మీదకే రమ్మంటా.

కనిగిరికరువు:
మా నాయన అప్పీలుకి తేదీ ఇంకా రాలా.