అప్‌డేట్: కోల్‌మన్ మీద నిషేధం అన్యాయం అన్నాను కదా, సగం వెనక్కి తీసుకుంటున్నా

"ఒంట్లో డోప్ దొరకలేదు, టెస్ట్‌కి వచ్చినప్పుడు ఇంట్లో లేడని టోక్యో ఒలింపిక్స్ పోగొడతారా?" అని అమెరికా స్ప్రింటర్ క్రిస్టియన్ కోల్‌మన్ తరఫున మొన్న ఆవేశంగా అడిగింది నేనే. తీర్పు చదవమన్నారు, చదివాను.

డోప్ టెస్ట్‌కి ఎప్పుడొచ్చినా దొరికేలా రోజుకో గంట ఎక్కడుంటాడో ఆటగాడే రాసిస్తాడు, ప్లాన్ మారితే ఫోన్‌లోనే మార్చుకోవచ్చు, అయినా 12 నెలల్లో మూడుసార్లు తప్పితే అది ఉల్లంఘన. కోల్‌మన్ మూడోసారి తప్పిన రోజు, 2019 డిసెంబర్ 9న అతనిచ్చిన గంట రాత్రి 7:15 నుంచి 8:15. "ఆ గంట దాటకముందే ఇంటికొచ్చాను, తిన్నాను, 8:15కి టీవీలో మ్యాచ్ మొదలవడం చూసి మళ్లీ షాపింగ్‌కి వెళ్లాను" అన్నాడు. బిల్లులు చూస్తే 7:53కి చిపోట్లే అనే రెస్టారెంట్‌లో తిండి, 8:22కి వాల్‌మార్ట్‌లో 16 వస్తువులు! ఏడు నిమిషాల్లో మా వీధి చివరి కిరాణా కొట్టులో కూడా అన్ని సరుకులు కట్టించుకోలేం. అసాధ్యం అని ఈ కేసు విన్న క్రమశిక్షణ ట్రిబ్యునల్ కొట్టిపారేసి, రెండేళ్లు నిషేధించింది.

పైగా అంతకుముందే ఇలాంటి కేసులో తేదీల లెక్క కలిసొచ్చి బయటపడ్డాడు. ఇక ఒళ్లు దగ్గర పెట్టుకోవద్దూ?

ఒక్కటి మాత్రం ఇప్పటికీ మింగుడు పడట్లేదు. టెస్ట్‌కి వచ్చినవాళ్లు గుమ్మం ముందు గంటసేపు నిలబడ్డారు గానీ ఒక్క ఫోన్ కొట్టలేదు. కొట్టాలని రూల్ లేదు, నిజమే, కానీ కొట్టి ఉంటే అతను వచ్చేసేవాడేమో అని అతను అప్పీలుకెళ్లిన క్రీడా మధ్యవర్తిత్వ కోర్టుకీ అనిపించింది, రెండేళ్ల నిషేధాన్ని 18 నెలలు చేసింది. టోక్యో మాత్రం ఎలాగూ పోయింది.