ఐఈఎల్టీఎస్ స్పీకింగ్‌లో సైకిల్ గురించి అడిగితే: బట్టీ పట్టిన జవాబా, సొంత మాటా?

సూర్యాపేట కుర్రాడు

అందరికీ నమస్తే. ఇంకో మూడు వారాల్లో నాకు ఐఈఎల్టీఎస్ ఉంది, అదే, విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష. నిన్న కోచింగ్‌లో మాక్ టెస్ట్ పెట్టారు. స్పీకింగ్ మొదటి భాగంలో సార్ ‘డిడ్ యూ హావ్ ఎ బైక్ వెన్ యూ వర్ ఎ చైల్డ్?’ అని అడిగారు. వాళ్లే ఇచ్చిన జిరాక్స్ షీట్‌లో సైకిల్ మీద జవాబు ఉంది. పర్యావరణానికి మంచిది, గుండెకు మంచిది, పెట్రోల్ ఆదా అవుతుంది, చివర్లో ఒక పెద్ద ఇడియమ్. అదంతా గడగడా అప్పజెప్పాను. సార్ విని, ‘మరి నీ సైకిల్ ఏ రంగు?’ అన్నారు. నోట మాట రాలేదు.

నేను సైకిల్ నేర్చుకున్నది మా నాన్న పాత అట్లాస్ మీద. నల్లది. సీటు అందక బార్ కింద నుంచి కాలు దూర్చి అడ్డంగా తొక్కేవాడిని. ఇదంతా నాకు తెలుసు, కానీ షీట్‌లో లేదు కాబట్టి ఆ క్షణంలో తట్టలేదు. రూమ్మేట్ మాత్రం బట్టీయే సేఫ్ అంటున్నాడు. మీరేమంటారు?

రెండో అటెంప్ట్

బట్టీయే తమ్ముడూ. నాది టెన్త్ దాకా తెలుగు మీడియం. ‘సొంతంగా మాట్లాడు’ అన్న సలహా నమ్మి మొదటిసారి వెళ్లాను. ఎగ్జామినర్ రికార్డర్ ఆన్ చేయగానే చేతులు చల్లబడ్డాయి. 9కి 5 వచ్చింది. రెండోసారి నలభై టాపిక్‌లు నోట్‌బుక్‌లో రాసుకుని కంఠతా పట్టాను, 6 వచ్చింది. ఆ 6తోనే అడ్మిషన్ దొరికింది. ఫీజు అప్పు తెచ్చి కట్టినవాళ్లకు ప్రయోగాలు చేసే స్తోమత ఉండదు. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు సొంత మాట అని సులువుగా చెబుతారు.

లీడ్స్ స్టాఫ్ నర్స్

బ్రదర్, మీ కష్టం నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఎవరికీ ఇంగ్లిష్ రాదు. కానీ ఇక్కడ బ్రిటన్‌లో నర్సింగ్ రిజిస్ట్రేషన్‌కి స్పీకింగ్‌లో 7 కావాలి. బట్టీతో నేను 6 దగ్గర ఆగిపోయాను, ఒకసారి కాదు, రెండుసార్లు.

స్పీకింగ్‌లో చూసేవి నాలుగు: తడుముకోకుండా, పొంతనగా మాట్లాడడం, పదాలు, గ్రామర్, ఉచ్చారణ. నాలుగింటికీ సమానమైన బరువు. మనం చెప్పింది గొప్ప విషయమా కాదా అన్నదానికి మార్కులు లేవు. సైకిల్ వల్ల భూగోళం బాగుపడుతుందని చెప్పినా, మా నాన్న నన్ను ముందు బార్ మీద కూర్చోబెట్టుకుని బడికి దింపేవారని చెప్పినా విషయానికి ఒకటే విలువ. తేడా గొంతులో వస్తుంది. బట్టీ వాక్యాలు ఒకే స్వరంలో పరిగెడతాయి. తర్వాతి ప్రశ్నకు ఒక్కసారిగా వేగం పడిపోతుంది, వాక్యాలు ముక్కలవుతాయి. పక్కపక్కనే వినిపించే ఆ రెండు గొంతులు ఎగ్జామినర్‌కు తెలియవా? మొత్తం స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, అందులో మొదటి భాగం 4, 5 నిమిషాలు. అంత సేపు ఆ ముసుగు నిలవదు.

కర్నూలు బీటెక్

పర్యావరణం, గుండె, పెట్రోల్, చివర ఇడియమ్. ఇదే వరసలో నాకూ షీట్ ఇచ్చారు. మాది వేరే ఊరు, వేరే సెంటర్. ఒకే ఎగ్జామినర్ రోజంతా ఇదే జవాబు వింటూ ఉంటారేమో అని ఇప్పుడు భయం వేస్తోంది.

విజయవాడ ట్రైనర్

నేను చెప్పే వృత్తిలో ఉన్నాను, కాబట్టి రెండు వైపులా చూశాను. ఈ వాదన కంటే ముందు సర్దుకోవాల్సిన విషయం ఒకటి ఉంది, ఎవరూ ఎత్తలేదు. ‘బైక్’ అనే మాట. మన నోట బైక్ అంటే మోటార్ సైకిలే. పరీక్షలో బైక్ అంటే చాలాసార్లు మామూలు సైకిల్. పైన తమ్ముడికి వచ్చిన ప్రశ్నే ఒక విద్యార్థికి మాక్‌లో వేస్తే, ‘లేదు సార్, మా దేశంలో లైసెన్స్‌కి 18 ఏళ్లు నిండాలి, నా మొదటి బైక్ 150 సీసీ’ అని చక్కటి ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాడు. గ్రామర్‌లో తప్పు లేదు, జవాబు మాత్రం ప్రశ్నకు అతకలేదు. మొదటి భాగంలో ఎగ్జామినర్ ప్రశ్నను విడమరిచి చెప్పరు. మళ్లీ అడగమంటే మాత్రం అడుగుతారు, అడగడానికి మొహమాటపడకండి.

రెండోది ఉచ్చారణ. బైసైకిల్ కాదు, బైసికిల్. మొదటి అక్షరాన్ని నొక్కి పలకాలి. మోటార్ సైకిల్‌లో మాత్రం సైకిల్ అనే పలకాలి. సైకిల్ మీద నుంచి పడిపోయాను అనడానికి మనవాళ్లు ‘ఫెల్ డౌన్ ఫ్రమ్ ది సైకిల్’ అంటారు, ‘ఫెల్ ఆఫ్ మై బైక్’ అంటే సహజంగా ఉంటుంది. చైన్ పడిపోతే ‘ది చెయిన్ కేమ్ ఆఫ్’. ఇలాంటివి పది నేర్చుకోండి. జవాబులు కాదు, మాటలు బట్టీ పట్టండి.

రెండో అటెంప్ట్

ట్రైనర్ గారూ, మాటలు నేర్చుకోవాలన్నది ఒప్పుకుంటాను. కానీ జీవితంలో ఎప్పుడూ సైకిలే లేనివాళ్ల సంగతేంటి? వాళ్లకు సొంత కథ ఎక్కడి నుంచి వస్తుంది? అప్పుడు షీటే కదా దిక్కు.

నెల్లూరు అక్క

ఆ లేనివాళ్లలో నేనూ ఉన్నాను, అందుకే రాస్తున్నాను. మా ఇంట్లో అన్నయ్యకు సైకిల్ కొన్నారు. నన్ను ఎక్కనివ్వలేదు, ఆడపిల్ల పడితే కాలో చెయ్యో విరుగుతుందని నాన్నమ్మ. ప్రభుత్వ హైస్కూల్ ఆడపిల్లలకు బడికొస్తా పథకంలో సైకిళ్లు ఇచ్చేనాటికి నేను పది దాటేశాను. మా చెల్లికి వచ్చింది. డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రం చీకటి పడ్డాక ఆ చిన్న సైకిల్ మీద నేను కూర్చుంటే, చెల్లి వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తేది. ‘వదల్లేదు, వదల్లేదు’ అని అరుస్తూనే ఎప్పుడో వదిలేసింది. తిరిగి చూస్తే వీధి చివర నిలబడి ఉంది.

పరీక్షలో నన్ను అడిగిన ప్రశ్న చిన్నప్పుడు సైకిల్ ఉండేదా అని. ‘నో, ఐ డిడ్‌న్ట్. మై బ్రదర్ హాడ్ వన్’ అని మొదలుపెట్టి ఇదంతా చెప్పాను. ఒకచోట ‘షీ లెఫ్ట్ మీ’ అన్నాను, ‘షీ లెట్ గో’ అనాలని తర్వాత తెలిసింది. అయినా ఆగలేదు, ఎందుకంటే తర్వాత ఏం జరిగిందో నేను గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. నాకు 7 వచ్చింది. లేదు అన్నదీ జవాబే తమ్ముడూ, ఎందుకు లేదో చెబితే చాలు.

లీడ్స్ స్టాఫ్ నర్స్

అక్కా, ఇది చదువుతుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి.

సికింద్రాబాద్ రైడర్

మూడో భాగం సంగతి కూడా చూడండి. అక్కడ చిన్నప్పటి కథ సరిపోదు. నగరాల్లో సైకిల్ ఎందుకు తగ్గింది, ప్రభుత్వం ఏం చేయాలి లాంటివి అడుగుతారు. దానికి కొంచెం సమాచారం పెట్టుకోవడం తప్పు కాదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్, పైన సోలార్ పలకలు, 2023 అక్టోబర్‌లో తెరిచారు. నేను ఆదివారాలు వెళ్తాను, చాలా బాగుంది. కానీ ఇంటి నుంచి అక్కడికి సైకిల్ మీద వెళ్లడమే భయం, బస్సులు భుజానికి రాసుకుంటూ పోతాయి. ఈ ఒక్క ఉదాహరణతో ఎగ్జామినర్ ఎటు తిప్పి అడిగినా మాట్లాడగలను. ఇది నేను తొక్కిన రోడ్డు కాబట్టి.

సూర్యాపేట కుర్రాడు

అందరికీ థ్యాంక్స్. రాత్రి షీట్ పక్కన పెట్టి ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాను. నాన్న అట్లాస్, బార్ కింద నుంచి కాలు, కాలవ గట్టు మీద చైన్ పడిపోవడం, గ్రీజు చేతులతో ఇంటికి వెళ్తే అమ్మ కిరోసిన్ గుడ్డతో తుడవడం. మధ్యలో నాలుగుసార్లు ఆగాను. కానీ రెండు నిమిషాలు దాటింది! షీట్ అప్పజెబితే నలభై సెకన్లే వచ్చేది.

రెండో అటెంప్ట్

మంచిది తమ్ముడూ. నా మాట మాత్రం పూర్తిగా వెనక్కి తీసుకోను. టెన్షన్‌లో నోరు తెరుచుకోవడమే కష్టం, కాబట్టి మొదటి వాక్యం ఒక్కటి రాసి పెట్టుకో, నాన్న అట్లాస్ గురించే. ఆ తర్వాత నీ ఇష్టం.

విజయవాడ ట్రైనర్

అలాగే చెయ్యి బాబూ. రేపటి రికార్డింగ్‌లో ‘ది చెయిన్ కేమ్ ఆఫ్’ అన్నావో లేదో విని చూసుకో.