పాత పోర్షే బానెట్ నిలబడటం లేదు, స్ట్రట్లు మార్చినవాళ్లు ఉన్నారా?

నమస్కారం. న్యూజెర్సీలో ఉంటాను. నాది 1987 పోర్షే 911 కరెరా. ఇంజిన్ వెనక ఉంటుంది కాబట్టి ముందు బానెట్ కింద సామాన్ల చోటే. దాన్ని ఎత్తిపట్టే గ్యాస్ స్ట్రట్లు రెండూ పాతబడిపోయాయి. ఎండలో కాసేపు నిలబడుతుంది, చలిలో మెల్లగా దిగిపోతుంది. చలికి లోపలి నైట్రోజన్ ఒత్తిడి తగ్గుతుందని తెలుసు, కానీ మొన్న మా అబ్బాయి తల మీదికే వచ్చింది. అప్పటి నుంచి కర్ర ఆనిస్తున్నాను.

కొత్త జత తెప్పించాను. స్ట్రట్‌లో జరిగే సన్నటి కడ్డీ కిందికి ఉండేలా బిగిస్తే లోపలి నూనె సీలును తడిపి ఉంచుతుందంటారు, ఇందులోనూ అంతేనా? ఒక్కోటి మారుస్తూ పోతే ఒక్కడినే చేసుకోగలనా? స్ట్రట్లను పట్టి ఉంచే పాత పిన్నులు తుప్పుతో బిగుసుకున్నాయి. సుత్తితో కొడితే పక్కన పెయింట్ లేచిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అది ఫ్యాక్టరీ పెయింట్, పోతే మళ్లీ రాదు. మీరు ఎలా తీశారో చెప్పండి.