పలకలు పేర్చుతూ ఆడే కార్కసాన్ ఆటలో ఒక ఎత్తు (ఒక వంతులో వేసే ఆట) విలువను మీరు ఎలా లెక్కిస్తారు?

పలకలబాట:
పూర్తయిన బాటకు పలకకు 1, పూర్తయిన నగరానికి పలకకు 2, అందులోని ప్రతి డాలు గుర్తుకు మరో 2, చుట్టూ ఎనిమిది పలకలూ నిండిన మఠానికి 9 పాయింట్లు వస్తాయన్న నియమాలు నాకు బాగానే తెలుసు. అయినా, తీసిన పలకను రెండు మూడు చోట్ల పెట్టే వీలున్నప్పుడు ఏది ఎక్కువ లాభమో తేల్చుకోవడం కష్టంగా ఉంటోంది. వెంటనే పాయింట్లు వచ్చే చోటే పెట్టడం సరైనదేనా?

నాలుగోవంతు:
ఆట ఈ క్షణంలోనే ముగిస్తే మీకు దక్కే మొత్తం ఎంతో చూడండి. పలక పెట్టకముందు, పెట్టిన తరువాత ఆ మొత్తంలో వచ్చే తేడాయే ఆ ఎత్తుకు అసలు విలువ. మూడు పలకల బాట అసంపూర్తిగా మిగిలినా ఆట చివర 3 పాయింట్లు ఇస్తుంది కనుక, నాలుగో పలకతో దాన్ని ముగిస్తే నిజంగా పెరిగేది 1 మాత్రమే. నగరం సంగతి వేరు. అది అసంపూర్తిగా మిగిలితే పలకకు 1, డాలుకు 1 చొప్పున సగమే దక్కుతుంది. డాలు లేని నాలుగు పలకల నగరం అలా 4 దగ్గర ఉండగా, ఐదో పలకతో మూసివేస్తే 10 అవుతుంది. ఒక్క వంతులో 6 పెరిగాయన్నమాట.

మఠవాసి:
ఈ లెక్క సరైనదే కాని, ఇందులో పావులను, అంటే బాట, నగరం వంటివాటిని తమవిగా చేసుకోవడానికి పలక మీద నిలిపే బొమ్మలను కూడా కలపాలి. స్కోరు పట్టీ మీద ఉండేదాన్ని మినహాయిస్తే ఒక్కొక్కరికి ఉండేవి 7 పావులే. బాటను ముగించినందుకు 1 పాయింటే పెరిగినా, దాని మీద ఉన్న పావు చేతికి తిరిగి వస్తుంది. ఆట తొలి సగంలో ఈ లాభం చాలా పెద్దది, చివరి పలకల దగ్గర దాదాపు శూన్యం. ఒక వంతులో ముందు పలక, తరువాత పావు, ఆ తరువాతే లెక్కింపు అన్న వరుసను కూడా గమనించండి. చేతిలో పావు ఉంటే, పెట్టిన పలకతోనే పూర్తయ్యే, ఎవరి పావూ లేని బాట మీద దాన్ని నిలిపి, పాయింట్లతో పాటు ఆ వంతులోనే వెనక్కి తీసుకోవచ్చు. చేతిలో ఒక్కటీ లేకపోతే, ఆ వంతులో తిరిగి వచ్చే పావును వచ్చే వంతు దాకా వాడలేరు. అందుకే నేను ఎప్పుడూ ఒక పావును చేతిలో ఉంచుకుంటాను.

చివరిపలక:
ఎదుటివారి పాయింట్లు కూడా లెక్కలోకి రావాలి. ఒకే నగరంలో ఇద్దరికీ సమానంగా పావులుంటే ఇద్దరికీ పూర్తి పాయింట్లు వస్తాయి కనుక, ఇద్దరు ఆడేటప్పుడు ఎదుటివారి పెద్ద నగరంలోకి మరో వైపు నుంచి కలిసిపోవడం వారి ఆధిక్యాన్ని పూర్తిగా తుడిచేస్తుంది. మీ పావులు ఒకటి ఎక్కువైతే వారికి ఏమీ రాదు. దానికన్నా నాకు ఇష్టమైనది, పూరించలేని ఖాళీని మిగల్చడం. ప్రారంభ పలకతో కలిపి 72 పలకలున్న మూల ఆటలో నాలుగు వైపులా నగరమే ఉన్న పలక ఒక్కటే. అది అప్పటికే పడిపోయి ఉంటే, ఆ పలక మాత్రమే పట్టే ఖాళీ మిగిలిన నగరం ఎన్నటికీ మూతపడదు, అందులోని పావు ఆట చివరి దాకా చిక్కుకుపోతుంది.

పలకలబాట:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. మరి పొలంలో పడుకోబెట్టే పావును ఈ లెక్కలో ఎలా చూడాలి?

నాలుగోవంతు:
పొలాన్ని ఆనుకుని పూర్తయిన ప్రతి నగరానికి ఆట చివర 3 పాయింట్లు వస్తాయి, కాని ఆ పావు ఇక తిరిగి రాదు. అందువల్ల పొలం ఆకారం కొంత తేలాక, కనీసం మూడు నగరాలు పూర్తయ్యే సూచన కనిపించినప్పుడే అక్కడ పావును పెట్టడం మంచిదని నా అభిప్రాయం. పావు పడుకున్నాక చిన్న నగరాల విలువ మారిపోతుంది. మీ పొలాన్ని ఆనుకుని మీ పావే ఉన్న ఒక పలక నగరాన్ని మరో పలకతో మూసివేస్తే, నగరం 1 నుంచి 4కు చేరడం వల్ల 3, పొలం వల్ల మరో 3, మొత్తం 6 పెరుగుతాయి. అదే నగరం ఎదుటివారిదైతే వారికి 3, మీకు 3 పెరిగి ఇద్దరి మధ్య తేడా అలాగే ఉంటుంది. తొలి ముద్రణల నియమాలలో రెండు పలకల నగరానికి 2 పాయింట్లే ఇచ్చేవారు కనుక, ఏ నియమాలతో ఆడుతున్నారో ముందే నిర్ణయించుకోండి.