వాన పడిన మాట నిజమే కదా, మరి సబ్జంక్టివ్ ఎందుకు?

మహబూబ్‌నగర్ విద్యార్థిని: సార్, ఇంటర్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నాను. సందేహమో కోరికో ఉన్నచోట సబ్జంక్టివ్ అనే ప్రత్యేక క్రియారూపం వాడాలని గైడులో ఉంది. అదే గైడులో ‘వాన పడినందుకు సంతోషంగా ఉంది’ అనడానికి ‘ఝ సుయి కొంతాఁ కిల్ ఎ ప్లు’ అని ఇచ్చారు. మా పాలమూరులో వాన పడిందంటే ఊరంతా సాక్ష్యం. ఇందులో సందేహం ఎక్కడుంది?

నల్లగొండ ఫ్రెంచి అధ్యాపకుడు: సందేహం లేదమ్మా. గైడు సగమే చెప్పింది. వాన పడిందన్న సంగతి ఇద్దరికీ తెలుసు, దాన్ని ఇక్కడ ఎవరూ కొత్తగా చెప్పడం లేదు. చెప్పేది సంతోషం. సంతోషం, బాధ, భయం, ఆశ్చర్యం, కోపం ముందు వచ్చి, ‘క’ (రెండు వాక్యాలను కలిపే మాట, ‘ఇల్’తో చేరితే ‘కిల్’) తర్వాత వేరే కర్త ఉంటే, జరిగినది నిజమే అయినా క్రియ సబ్జంక్టివ్‌లోకి పోతుంది. తెలుగులోనూ చూడు: విడిగా అయితే ‘వాన పడింది’. సంతోషం చేరగానే ‘పడినందుకు’. వాక్యాన్ని ముగించే బలం ఆ క్రియకు పోయింది.

రూపం కష్టమేమీ కాదు. సహాయక క్రియ ‘అవ్వార్’ గానీ ‘ఎత్ర్’ గానీ వర్తమాన సబ్జంక్టివ్‌లో పెట్టి, వెనక భూతకాల విశేషణం చేర్చాలి. ‘ఇల్ ఆ ప్లు’ కాస్తా ‘కిల్ ఎ ప్లు’ అయింది. క్రియలో చెవికి మారింది ఒక్క అచ్చు. ‘నువ్వు వచ్చినందుకు’ అంటే ‘క త్యు స్వా వన్యు’. అన్నట్టు, కురవడానికీ నచ్చడానికీ ఫ్రెంచిలో ఆ ‘ప్లు’ ఒకటే. పాలమూరు వాళ్లకు వేరే వివరణ అక్కరలేదు!

వాన ఇంకా పడుతూ ఉంటే ‘కిల్ ప్లవ్’. సంతోషం నిన్నటిదైనా ‘ఝెతె కొంతాఁ కిల్ ఎ ప్లు’ అనే అంటారు.

దేవరకొండ సభ్యురాలు: భయానికి మనకు ‘ఏమో’ ఉంది కదా సార్? ‘వాడికి బస్సు తప్పిపోయిందేమోనని భయంగా ఉంది.’

అధ్యాపకుడు: బాగా పట్టుకున్నారమ్మా. ‘ఝె పర్ కిల్ నె రాతే ల బ్యూస్’. ‘నె’లో ఉన్న ‘న’ను చూసి ‘తప్పిపోలేదు’ అని రాసేవాళ్లున్నారు. అది వ్యతిరేకార్థం కాదు, రాతలో ఒక మర్యాద. తీసేసినా అర్థం మారదు.

విద్యార్థిని: ‘నేను వచ్చినందుకు నాకే సంతోషం’ అనాలంటే ‘క ఝ స్వా వన్యు’ సరిపోతుందా సార్?

అధ్యాపకుడు: సరిపోదు. మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. తెలుగులో ఎవరొచ్చినా ‘వచ్చినందుకే’. ఫ్రెంచిలో వచ్చిన మనిషీ సంతోషించే మనిషీ ఒకరే అయితే ‘క’ ఎగిరిపోతుంది: ‘ఝ సుయి కొంతాఁత్ దెత్ర్ వన్యు’. ఆడపిల్లవు కనుక ‘కొంతాఁత్’. ‘వన్యు’ చివర కూడా ఒక ‘e’ అక్షరం అదనంగా రాయాలి, అది వినపడదు.

విద్యార్థిని: మరి ఆశ?

అధ్యాపకుడు: దానికి సబ్జంక్టివ్ వద్దు. ‘ఝెస్పేర్ కిల్ ఆ ప్లు’. ఆశపడటం మనకు మనసుకు సంబంధించిన సంగతే గానీ, ఫ్రెంచి వ్యాకరణం దాన్ని నమ్మకం పక్కన కూర్చోబెట్టింది.