ఎనిమిదవ తరగతికి డిజిటల్ పటాలు: వాడిన ఉపాధ్యాయులు అనుభవం చెప్పండి

చంద్రగిరి సాంఘికం
మా ఉన్నత పాఠశాల తరగతిలో డిజిటల్ ప్యానెల్ (పెద్ద తాకుతెర) ఉన్నది కానీ, మధ్యాహ్న భోజనం గంట దాటితే నెట్టు రాదు. ఎనిమిదవ తరగతి పిల్లల చేత మండలంలోని చెరువుల పటం చేయించాలని నా కోరిక. గూగుల్ ఎర్త్, ఇస్రో వారి భువన్, ఎవరైనా గీసి చేర్చగల ఓపెన్ స్ట్రీట్ మ్యాప్, ఈ మూడింటిలో మన పల్లెలకు ఏది నమ్మదగినదో, నెట్టు లేని పూట తరగతిని ఎలా నెట్టుకు రావాలో వాడినవారు చెప్పగలరు.

రామచంద్రాపురం మాస్టారు
మేడమ్, నాది చెరువు అనుభవమే. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్టకు గండి భయం వచ్చి దిగువ పల్లెలను ఖాళీ చేయించినప్పుడు మా పిల్లల్లో కొందరు బంధువుల ఇళ్ళకు చేరారు. మరుసటి ఏడాది గూగుల్ ఎర్త్ కంప్యూటర్ రూపంలో పాత ఉపగ్రహ చిత్రాలు తెరిచి, ఎండిన వేసవి చెరువును, నిండిన చెరువును పక్కపక్కన చూపించాను. నీటి అంచు వెంట గీత గీసి విస్తీర్ణం కొలవమంటే, వెనుక బెంచీ అబ్బాయి లేచి తమ మామిడి తోట మూల కూడా ఆ గీత లోపలే పడిందని చూపించాడు. పుస్తకంలోని వరదల పాఠం ఆ రోజు వేరే చెప్పవలసిన అవసరం రాలేదు.

పాత అట్లాసు
ముందు పిల్లవాడికి అట్లాసు తిప్పడం రానివ్వండి. పదవ తరగతి పరీక్షలో పటం మీద గుర్తించమన్నప్పుడు వేళ్ళతో పెద్దది చేసి చూడడం కుదరదు. పైగా ఈ యంత్రాలు చెప్పేదంతా నిజమని పిల్లలు నమ్ముతారు. నిరుడు మా బడి ఆవరణలో ఫోను తీసి ఎత్తు చూపించబోతే 74 మీటర్లని వచ్చింది. తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉన్నదని అప్పుడే బోర్డు మీద రాసి ఉన్నాను. నలభై మంది ఎదుట పరువు పోయింది.

చిత్తూరు సర్వేయర్ (విశ్రాంత)
పోయింది ఫోను పరువు కాదు, మాస్టారూ. ముప్పై ఏళ్ళు అరవై ఆరు అడుగుల గొలుసు లాగి, పొలాల హద్దుల కొలతలు చూపే ఎఫ్.ఎం.బి. పటాలు గీసిన చేతులివి, కాబట్టి నిదానంగా వినండి. ఉపగ్రహాలు ఎత్తును సముద్ర మట్టం నుంచి కొలవవు, భూమికి లెక్క కోసం అనుకున్న నున్నని గుడ్డు ఆకారం నుంచి కొలుస్తాయి. అసలు సముద్ర మట్టమో, గురుత్వాకర్షణ హెచ్చుతగ్గుల వల్ల ఒకచోట ఉబ్బి, ఒకచోట కుంగి ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఆ కుంగుబాటు 100 మీటర్లు దాటుతుంది, మన ప్రాంతంలో 80, 90 మీటర్ల మధ్య ఉంటుంది. మీ 74కు దాన్ని కలిపి చూడండి. కొన్ని యాప్‌లు ఆ సవరణ చేసి చూపిస్తాయి, కొన్ని చేయవు.

పాత అట్లాసు
నేను పాఠం చెప్పేది పదమూడేళ్ళ పిల్లలకు, సర్వే శిక్షణ కేంద్రంలో కాదు. నున్నని గుడ్డు, కుంగిన సముద్రం అని మొదలుపెడితే పీరియడ్ అక్కడే అయిపోతుంది. గొలుసు లాగిన గొప్ప మీ దగ్గరే ఉంచుకోండి.

వాకాడు సైన్స్
అయ్యా, ఇద్దరూ శాంతించండి. మేము పిల్లలను తూపిలిపాలెం సముద్ర తీరానికి తీసుకువెళ్ళినప్పుడు ఫోను మైనస్ 90కి దగ్గరగా చూపించింది. ఒక అమ్మాయి తన పాదాలను, అలలను, ఫోనును మార్చి మార్చి చూసి, ‘సార్, మనం మునిగిపోయి ఉన్నామా?’ అని అడిగింది. ఆ ప్రశ్న కోసం నేను పదేళ్ళుగా ఎదురు చూస్తున్నాను. సర్వేయర్ గారు చెప్పినదే ఇసుకలో రెండు గీతలు గీసి చెప్పాను, అర్థమైంది. తప్పు చూపించిన పరికరమే మంచి పాఠం చెప్పిస్తుందని పాత అట్లాసు గారు ఒప్పుకోకపోవచ్చు.

పాత అట్లాసు
ఒప్పుకోను. సముద్రం పక్కన ఉన్నవారికి ఇసుక ఉన్నది, మాకు సిలబస్ ఉన్నది.

కాళహస్తి అమ్మ
నేను ఉపాధ్యాయురాలిని కాను. మా పాప బడిలో ప్రతి పిల్లా తన ఇంటిని పటంలో గుర్తించి, పేరుతో సహా లింకు తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టాలని ఇంటిపని ఇచ్చారు. ఆ గ్రూపులో నాకు తెలియని నంబర్లు ఎన్నో ఉన్నాయి. ఇంటికి బదులు ఊరి బస్టాండునో, గుడినో గుర్తించమంటే పాఠానికి ఏమి లోటు?

పుత్తూరు గణితం
అలిపిరి నడకదారి మీద గీత గీసి గూగుల్ ఎర్త్‌లో ఎత్తుల రేఖాచిత్రం తెరవండి. మొదట నిటారుగా లేచి, గాలి గోపురం దాటాక సాగే ఆ గీత చూసిన పిల్లలు వాలు అంటే ఏమిటో ఇక మరచిపోరు. 3,550 మెట్లు ఎక్కిన మోకాళ్ళు సాక్ష్యం చెబుతాయి. ధ్రువాల వైపు పోయేకొద్దీ దేశాలను పెద్దవి చేసి చూపే మెర్కేటర్ పటం సంగతి కూడా వదలకండి. భారతదేశం 32.9 లక్షల చదరపు కిలోమీటర్లు, గ్రీన్లాండ్ 21.7 లక్షలు; కానీ ఆ పటంలో మన దేశం దాని పక్కన చిన్నపిల్లలా కనిపిస్తుంది.

చంద్రగిరి సాంఘికం
అందరికీ కృతజ్ఞతలు, కానీ నేను అడిగింది చెరువుల పటం గురించి, నెట్టు లేకపోవడం గురించి. ఇప్పటికి మాస్టారు ఒక్కరే చెరువు మాట ఎత్తారు.

రేణిగుంట కంప్యూటర్ ల్యాబ్
మేడమ్, సూటిగా చెబుతాను. ఫోనుకు తన స్థానం తెలుసుకోవడానికి నెట్టు అక్కరలేదు, ఆకాశం కనిపిస్తే చాలు. నెట్టు కావలసింది వెనుక పటం రావడానికే. గూగుల్ మ్యాప్స్‌లో ప్రాంతాన్ని ముందే దించుకోవచ్చు గాని ఉపగ్రహ చిత్రం దిగదు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఆధారంగా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ యాప్‌లో రాష్ట్ర పటాన్ని ఇంట్లోనే దించుకుని, గట్టు మీద గుర్తులు పెట్టుకుని, తరువాత ల్యాబ్‌లో పటాలు తయారు చేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి, అది ఉచితం. ఒక్క జాగ్రత్త: గూగుల్ చిత్రం చూసి గీసినదాన్ని ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఎక్కించకూడదు, లైసెన్సు ఒప్పదు.

చిత్తూరు సర్వేయర్ (విశ్రాంత)
గ్రామ పటం కూడా వెంట తీసుకువెళ్ళండి. చెరువు హద్దు నీటిని బట్టి ఉండదు, రికార్డును బట్టి ఉంటుంది.

చంద్రగిరి సాంఘికం
శనివారం వెళ్ళి వచ్చాము. పదకొండు చెరువులు తిరిగితే రెండింటి స్థానంలో ప్లాట్ల రాళ్ళు కనిపించాయి. ఒక కుంటకు ఏ పటంలోనూ పేరు లేదు. మా తరగతి పిల్లవాడి అవ్వ దాన్ని ‘చింతమాను కుంట’ అన్నది, పక్క వీధి వారు ‘కొత్తకుంట’ అన్నారు. ఏది రాయించాలి?

పాత అట్లాసు
అవ్వ చెప్పినదే రాయించండి. రెండవ పేరును కుండలీకరణాల్లో పెట్టించండి.

రేణిగుంట కంప్యూటర్ ల్యాబ్
కుండలీకరణాలు వద్దు, ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ప్రత్యామ్నాయ నామానికి విడిగా గడి ఉంటుంది. తెలుగు లిపికీ వేరే గడి ఉన్నది, అది ఖాళీగా వదలకండి.